దూరాన ఉన్న యంత్రంతో సంభాషణ

రాజోలులోని విద్యార్థి ఒకడు మిత్రుల కొరకు మైన్‌క్రాఫ్ట్ ఆటను నిర్వహిస్తున్నాడనుకొందాం. ఆటను నడిపే సర్వర్ ముంబయిలో ఉండవచ్చు. ఆటగాళ్లకు రంగుల ప్రపంచం కనిపిస్తుంది. నిర్వాహకునికి కావలసినది కన్సోల్. అది బొమ్మలు లేని అక్షరాల తెర. ఎవరెవరు ఆడుతున్నారో తెలుసుకొనడానికి ‘లిస్ట్’, ఆటను భద్రపరచడానికి ‘సేవ్-ఆల్’, సర్వర్‌ను ఆపడానికి ‘స్టాప్’ అని అక్కడ ఆజ్ఞాపించాలి.

ఇంటి కంప్యూటర్‌లోని కమాండ్ లైన్ నుండి అక్కడికి చేరడమెట్లు? పంటు మీద నరసాపురం వెళ్లదలచినవారు సఖినేటిపల్లి రేవుకు పోవలసినట్లే, సర్వర్‌లో ప్రతి సేవకూ వేరొక రేవు ఉంటుంది. దానినే పోర్టు అంటారు. సాధారణంగా ఆటగాళ్లు 25565వ పోర్టుకు, నిర్వాహకుడు 22వ పోర్టుకు వెళతారు. రెండవది ఎస్‌ఎస్‌హెచ్ మార్గం. పూర్వపు టెల్నెట్‌లో పాస్‌వర్డు ఏ మరుగూ లేకుండా ప్రయాణించేది. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయంలో పాస్‌వర్డులు చోరీకి గురైన పిమ్మట, 1995లో తాతు యూలోనెన్ ప్రతి అక్షరాన్నీ గుప్తలిపిలోకి మార్చి పంపే ఎస్‌ఎస్‌హెచ్‌ను రూపొందించాడు. మైన్‌క్రాఫ్ట్‌లోని ఆర్‌కాన్ పద్ధతికి నేటికీ ఆ రక్షణ లేదు. కనుక దాని పోర్టును బయటి ప్రపంచానికి తెరచి ఉంచరాదు.

మరి మార్గమే తెగితే? 2022 మేలో అమలాపురం అల్లర్ల తరువాత కోనసీమలో అంతర్జాల సేవలను కొన్ని రోజులు నిలిపివేశారు. అటువంటప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ బంధం తెగుతుంది. దాని నుండి నేరుగా ప్రారంభించిన ఆట కూడా సాధారణంగా ఆగిపోతుంది. ‘స్క్రీన్’ అనే ఉపకరణంలో ప్రారంభిస్తే మాత్రం ముంబయిలో ఆట సాగుతూనే ఉంటుంది. సంబంధం తిరిగి కుదిరిన నాడు ‘స్క్రీన్ -ఆర్’ అని ఆజ్ఞాపిస్తే, విడిచిన కన్సోలే ఎదుట నిలుస్తుంది.