ఫోనులో ఇంగ్లీషు

ఫోను మోగుతుంది. తీయగానే అవతలినించి గడగడా ఇంగ్లీషు. వెంటనే "ఏమండీ, మీకే" అంటూ శ్రీవారి చేతికో, "ఒరేయ్, నువ్వు మాట్లాడరా" అంటూ పిల్లాడి చేతికో ఫోను అందించేసేవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. వాళ్ళు ఇంట్లో ఉన్నంతసేపూ ఫరవాలేదు. ఎవరూ లేని మధ్యాహ్నం వేళ ఆస్పత్రి నించో, పిల్లల స్కూలు నించో కబురొస్తే? అందుకని ఈ వేళ ఫోనుకు సరిపడా ఇంగ్లీషు చెప్పుకుందాం. వ్యాకరణం జోలికి పోనక్కర్లేదు. పది పన్నెండు మాటలు నోటికి వస్తే చాలు.

"హలో" అందరికీ వచ్చిందే. టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్‌గారికి మాత్రం ఓడలవాళ్ళు కేకేసుకునే "అహోయ్" అన్న మాట ఇష్టం. 1877లో ఎడిసన్ "హలో" బాగుంటుందన్నాడు. అదే నిలిచింది.

తర్వాత అవతల ఎవరో తెలియాలి గదా! మన "ఎవరండీ?"ని ఉన్నదున్నట్టు "హూ ఆర్ యూ?" అంటే నిలదీసినట్టుంటుంది. మన "అండీ"లోని మర్యాద అందులోకి రాదు మరి. "మే ఐ నో హూ ఈజ్ కాలింగ్, ప్లీజ్?" అనండి. మనమే చేసినప్పుడు ముందు మన పేరు చెప్పి, "దిస్ ఈజ్ సరోజ. మే ఐ స్పీక్ టు ద డాక్టర్, ప్లీజ్?" అనాలి. ఒక్క నిమిషం ఆగమనడానికి "ప్లీజ్ హోల్డ్ ఆన్".

శ్రీవారు ఊళ్ళో లేకపోతే మనవాళ్ళు "అవుట్ ఆఫ్ స్టేషన్" అంటారు. తెల్లదొరల కాలంలో ఉద్యోగం చేసే ఊరిని స్టేషన్ అనేవారు. ఆ మాట మన దగ్గర ఉండిపోయింది. అమెరికాలో వాళ్ళకిది తెలియదు, "అవుట్ ఆఫ్ టౌన్" అనాలి. అయినా ముక్కూ మొహం తెలియనివారితో ఆ సంగతే ఎత్తవద్దు. "హీ కాంట్ కమ్ టు ద ఫోన్ నౌ. కెన్ ఐ టేక్ ఎ మెసేజ్?" అంటే అబద్ధమూ కాదు, గుట్టూ దక్కుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం, అర్థం కానప్పుడు ఏమనాలన్నది. మొహమాటానికి "ఎస్, ఎస్" అనేయకండి. "ప్లీజ్ స్పీక్ స్లోలీ", "కుడ్ యూ రిపీట్ దట్, ప్లీజ్?" అని ఎన్నిసార్లయినా అడగవచ్చు. నిజానికి ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకే ఫోనులో అక్షరాలు తేలవు. పాతకాలం నించీ టెలిఫోను లైను 300 నించి 3400 హెర్ట్‌జుల మధ్య ధ్వనినే మోస్తూ వచ్చింది. "ఎస్"కీ "ఎఫ్"కీ ఉన్న తేడా చాలావరకు అంతకు పైనే ఉంటుంది. అందుకని రెండూ ఒకలాగే వినబడతాయి. అది మన చెవి లోపం కాదు సుమండీ! "కుడ్ యూ స్పెల్ ఇట్?" అని అడగండి. మీరు చెప్పేటప్పుడు "ఎస్ ఫర్ సన్, ఎఫ్ ఫర్ ఫాదర్" అని విడమరచండి.

అంకెలతో మరీ చిక్కు. డాక్టరుగారు చెప్పిన మాత్ర ఫిఫ్టీన్ మిల్లీగ్రాములా, ఫిఫ్టీయా? పొరపడితే మూడు రెట్లకు మించి తేడా! "వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?" అని తేల్చుకోండి. కాగితం మీద రాసుకుని, రాసింది చదివి వినిపించి, "ఈజ్ దట్ కరెక్ట్?" అనండి. అప్పుడుగాని ఫోను పెట్టవద్దు.

ఇక, బ్యాంకు నించనీ పోలీసులమనీ చెప్పి హడలగొట్టేవాళ్ళున్నారు. వాళ్ళ ఇంగ్లీషు వింటేనే మనకు సగం ధైర్యం జారిపోతుంది. "డిజిటల్ అరెస్టు" అన్నది మన చట్టంలోనే లేదు. ఓటీపీ నంబరు ఏ బ్యాంకువారూ ఫోనులో అడగరు. "ఐ డోంట్ గివ్ దట్ ఓవర్ ద ఫోన్" అని టక్కున పెట్టేయండి. ఇక్కడ ప్లీజులూ సారీలూ అక్కర్లేదు. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయండి; అక్కడ తెలుగులోనే చెప్పుకోవచ్చు.

మంచివాళ్ళతో అయితే ముగింపు కూడా మర్యాదగా ఉండాలి. మన "ఉంటానండీ"కి ఇంగ్లీషులో సరిజోడు లేదు. "ఫోను పెట్టేస్తున్నా" అనడానికి "ఐ యామ్ కీపింగ్ ద ఫోన్" అంటారు కొందరు. దానికి ఫోను నేనే ఉంచేసుకుంటున్నానని అర్థం వస్తుంది! "థాంక్యూ ఫర్ కాలింగ్. బై" అంటే సరిపోతుంది.