ర్యాంకు చూసి పళ్ళ డాక్టరు చదువు చెప్పగలమా?

మీ ఇంట్లో బైపీసీ చదివిన పిల్ల ఉందా? అయితే నీట్ ఫలితాలు వచ్చిన రోజు మీ ఇంట్లోనూ పొయ్యి ఆలస్యంగానే వెలిగి ఉంటుంది. మా నిజాంసాగర్‌లో, మా ఆడపడుచు ఇంట్లో అదే జరిగింది. పిల్లకు ఎంబీబీఎస్ వచ్చే ర్యాంకు రాలేదు, బీడీఎస్ అయితే రావచ్చన్నారు. ఇక చూడండి, వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. "గీ పరీక్షకే గిట్లయితే, రేపు ఆ లావు పుస్తకాలు ఏం చదువుతది?" పిల్ల తలుపేసుకుని కూర్చుంది. "వదినా, చేర్పియ్యాల్నా వద్దా, నువ్వే చెప్పు" అని మా ఆడపడుచు నా చెయ్యి పట్టుకుంది.

నేను చదివింది ఇంటర్ వరకే. అయినా ఊరుకోలేక తెలిసినవాళ్ళను అడిగి, దొరికింది చదివి తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ముందు ఎంసెట్ ఉండేది. దాని చివరి ఏళ్ళలో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ కలిపేవారు. 2017 నుంచి మన తెలంగాణలో బీడీఎస్ సీటుకూ నీట్ ర్యాంకే ఆధారం. ఇంటర్ మార్కులు అర్హతకు చాలు, ర్యాంకులో కలవవు. నీట్‌లో 180 ప్రశ్నలు, అందులో సగం బోటనీ, జువాలజీ. తప్పు రాస్తే ఒక మార్కు కోత. అంటే చదివింది గుర్తుందా, తొందరలో తడబడకుండా రాయగలదా అన్నది అందులో తెలుస్తుంది.

మరి అది చాలా? అమెరికాలో దీనిమీద ఏళ్ళ తరబడి పరిశోధనలు చేశారు. సైన్సు మార్కులు, ప్రవేశ పరీక్ష మార్కులు బాగా ఉన్నవాళ్ళు మొదటి ఏడాది రాత పరీక్షల్లో కాస్త ముందుంటారట. అనాటమీ, ఫిజియాలజీ వంటివన్న మాట. పేషెంటును కుర్చీలో కూర్చోబెట్టి పనిచేసే ఏడాది వచ్చేసరికి ఆ లెక్క బలం తగ్గిపోతుందట.

ఎందుకు తగ్గుతుందో మనకు వంటింట్లోనే తెలుసు. రవ్వను ఒకే జల్లెడలో పట్టాక పళ్ళెంలో మిగిలిందంతా ఇంచుమించు ఒకే సైజు. అందులో ఏ పలుకు బాగా ఉడుకుతుందో సైజు చూసి చెప్పగలరా? కాలేజీలో చేరినవాళ్ళంతా దగ్గర దగ్గర ర్యాంకులవాళ్ళే. వాళ్ళలో ఎవరు పైకొస్తారో ర్యాంకు చెప్పమంటే అదేం చెబుతుంది పాపం!

పైగా ఇది చేతి చదువు. నాలుగేళ్ళు చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాదే మైనం దిమ్మను కత్తితో చెక్కి పన్ను చెయ్యాలి. దవడ పన్నుకుండే గుంటలు, మిట్టలు అన్నీ అందులో కనబడాలి. రాతలో ఎంత తెచ్చుకున్నా ప్రాక్టికల్‌లో విడిగా 50 శాతం రావాల్సిందే. తర్వాత నోట్లో అద్దం పెట్టి, అద్దంలో తిరగబడి కనబడే పన్నును బాగుచెయ్యాలి. అద్దంలో చూస్తూ వెనక జడకు పూలు పెట్టుకోబోతే చెయ్యి అటు పోబోయి ఇటు పోతుంది కదా, అలాగన్నమాట.

అందుకే అమెరికాలో ఒకప్పుడు ప్రవేశ పరీక్షలో చాక్‌పీసు చెక్కించేవారు. 1970లలో దాన్ని తీసేసి, బొమ్మలు చూసి ఆకారాలు పోల్చే పేపరు పెట్టారు. కెనడాలో చాలా ఏళ్ళు సబ్బు చెక్కించారు. ఆ చెక్కుడు కూడా అంత గట్టిగా జోస్యం చెప్పలేదు లెండి. మొదట వంకరగా చెక్కిన పిల్లలు కూడా నేర్పితే నేర్చుకున్నారట. మనం మాత్రం మొదటి రోజే గుండ్రటి రొట్టెలు చేశామా?

ఇంకో సంగతి. 2021 ఫిబ్రవరిలో, సీట్లు వేలల్లో మిగిలిపోతే, ఆ ఏడాది బీడీఎస్‌కు కటాఫ్ 10 పర్సంటైల్ తగ్గించమని సుప్రీం కోర్టు చెప్పింది. పర్సంటైల్ అంటే వచ్చిన మార్కుల శాతం కాదు. 50 పర్సంటైల్ అంటే రాసిన వందమందిలో సుమారు యాభైమంది మన పిల్లకు వెనకున్నట్టు. ఈ ముక్క తెలియకే మా ఇంట్లో సగం ఏడుపు.

అందుకని ఆడపడుచుతో నేనన్నది ఇదీ. ఫీజు కట్టేముందు పిల్లను మూడు మాటలడుగు. రోజంతా ఒంగి కూర్చుని సన్నపని చేసే ఓపికుందా? పక్కవాళ్ళ నోరు, చీము, రక్తం చూస్తే కడుపులో తిప్పుతుందా? ఎంబీబీఎస్ రాలేదన్న దిగులుతో చేరుతోందా, ఇష్టంతోనా? ఈ మూడోది అందరిముందు అడగొద్దు, నిజం చెప్పదు. ర్యాంకు మరీ తక్కువైతే మొదటి ఏడాది అనాటమీకి ఎక్కువ గంటలు కూర్చోవాలని ముందే చెప్పు, భయపెట్టకుండా.

పిల్ల తలుపు తీసింది. నేను బట్టల సబ్బు ఒకటి, కూరగాయల కత్తి ఒకటి చేతికిచ్చాను. గంటన్నర అరుగు మీద కూర్చుని చెక్కింది. వచ్చింది పన్నో, వెల్లుల్లి రెబ్బో మాకు తెలియలేదు. "ఇంకో సబ్బుందా అత్తా?" అని అడిగింది.