కిమోనో అద్దెకు తీసుకుంటున్నారా? ఎడమ, కుడి చూసుకోండి!

పెళ్లి షూట్ ఉందంటే నేరేడుచర్ల నుంచి సూర్యాపేటకో, మిర్యాలగూడకో వెళ్లి షేర్వాణీ అద్దెకు తెచ్చుకునేవాళ్లు ఉంటారు. జపాన్‌లో టూరిస్టులకు కిమోనో కూడా అంతే. క్యోటోలో, టోక్యోలోని అసకుసాలో ఇలాంటి షాపులు చాలానే ఉన్నాయి. మామూలు రకానికి రోజు అద్దె 3 వేల నుంచి 5 వేల యెన్‌ల దాకా ఉంటుంది. పొద్దున షాపువాళ్లే కట్టి పంపుతారు, సాయంత్రం షాపు మూసేలోగా తిరిగిచ్చేయాలి.

అసలు జాగ్రత్త వేరే ఉంది. ఆడవాళ్లైనా, మగవాళ్లైనా కిమోనో ఎడమ అంచు కుడి అంచు మీదకు రావాలి. కుడి అంచు పైకి వచ్చిందా, అది శవానికి కట్టే పద్ధతి! షాపులో సరిగ్గానే కడతారు. మధ్యలో బాత్రూమ్‌కి వెళ్లొచ్చి సొంతంగా సర్దుకున్నప్పుడే తారుమారవుతుంది. ఇంకో చిక్కు ఫోన్‌తో. కొన్ని ఫోన్లలో సెల్ఫీ తిరగబడి సేవ్ అవుతుంది. సరిగ్గా కట్టుకున్నా ఫొటోలో తప్పుగా కనిపిస్తుంది. స్టేటస్ పెట్టేముందు మిర్రర్ ఆప్షన్ ఆఫ్ చేసుకుంటే సరి.

క్యోటోలోని గియోన్‌కు వెళ్తే మరో సంగతి. అక్కడి ప్రైవేటు సందుల్లోకి 2024 నుంచి టూరిస్టులను రానివ్వడం లేదు. వెళ్తే 10 వేల యెన్‌ల జరిమానా అని బోర్డులు పెట్టారు. కిమోనోలో ఉన్నా టూరిస్టు టూరిస్టే.