రాయి లేని కోనసీమకు నల్లరాయితో చుట్టరికం

కోనసీమలో బావి తవ్వినా, చెరువు తవ్వినా గునపానికి రాయి తగలదు. మట్టి, ఇసుక, మళ్లీ మట్టి. గోదావరి పాయల నడుమ ఒండ్రు పేరుకుని ఏర్పడిన నేల ఇది. అందుకే ఇంటి శ్లాబుకైనా, రోడ్డుకైనా, ఏటిగట్టు రివిట్‌మెంటుకైనా కావలసిన ప్రతి రాయీ బయటి నుంచి లారీలో రావలసిందే. అలా వచ్చే నల్ల కంకరకు పేరుపడ్డ చోటు కొవ్వూరు దగ్గరి పంగిడి. ఆ చుట్టుపక్కల దుద్దుకూరు, దేవరపల్లి ప్రాంతంలోను, గోదావరి ఇవతలి ఒడ్డున రాజమండ్రి పక్క కాతేరులోను ఇదే రాయి ఉన్నది.

శాస్త్రజ్ఞులు దీనిని బసాల్టు అంటారు. భూగర్భం నుంచి ఎగదన్నిన లావా నేల మీద పరచుకుని త్వరగా చల్లారితే ఏర్పడే రాయి ఇది. త్వరగా చల్లారినందున దీని రవ్వలు కంటికి ఆనవు. ఇనుము, మెగ్నీషియం ఎక్కువగా ఉండడం వల్ల నలుపు, బరువు వస్తాయి. ఘనపుటడుగు రాయి సుమారు 80 కిలోలు తూగుతుంది. నల్లగా ఉన్నదల్లా బసాల్టు కాదు. దుకాణాల్లో బ్లాక్ గ్రానైటు పేరుతో అమ్మే నున్నటి పలకల్లో చాలావాటిది డోలరైటు. అదీ ఇలాంటి ద్రవం నుంచి పుట్టినదే గాని నేల లోపలే నెమ్మదిగా చల్లారింది.

అగ్నిపర్వతం లేని గోదావరి జిల్లాలకు లావా ఎక్కడిదన్నది ప్రశ్న. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం పడమటి కనుమల వైపు లావా పొరలు పొరలుగా పొంగి దక్కను పీఠభూమిని కప్పింది. అందులో కొంత పాత నదీలోయల వెంట వెయ్యి కిలోమీటర్లకు పైగా నడిచి తూర్పు తీరానికి చేరిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. రాజమండ్రి రాయిలోని రసాయనాలు మహాబలేశ్వరం వైపు రాయితో సరిపోలడమే దీనికి ఆధారం. అదే నిజమైతే ప్రపంచంలో ఇంత దూరం పారిన లావా మరొకటి తెలియదు. క్వారీల్లో రెండు లావా పొరల మధ్య సున్నపురాయి, అందులో ఆల్చిప్పలు కనిపిస్తాయి. ఒక లావాకు, మరొక లావాకు నడుమ ఉప్పునీరు ఇక్కడి దాకా వచ్చి నిలిచిందన్నమాట. ఆ పొరలోని సూక్ష్మజీవుల గవ్వలను పరీక్షించిన గెర్టా కెల్లర్, ఆమె సహచరులు, రాక్షసబల్లులు అంతరించిన కాలానికి వెనువెంటనే అది ఏర్పడిందని 2008లో ప్రకటించారు.

కోనసీమ అడుగున కూడా ఈ రాయి ఉన్నది. చమురు, వాయువుల కోసం వేసిన లోతైన బావుల్లో, వేల అడుగుల కింద డ్రిల్లింగు పళ్లకు ఇదే తగిలింది. గునపానికి అందని ఆ లావా పొరకు భూగర్భ శాస్త్రంలో పెట్టిన పేరు ‘రాజోలు ఫార్మేషన్’. రాజోలు వారిలో ఈ సంగతి ఎంతమందికి తెలుసునో గాని, ప్రపంచ పరిశోధకుల వ్యాసాల్లో ఈ పేరు కనిపిస్తూనే ఉంటుంది.

అంతకంటె దగ్గరి చుట్టరికం పైనున్న మట్టిది. గోదావరి పుట్టిన త్రయంబకేశ్వరం బసాల్టు కొండల్లోనే ఉన్నది. నది పరీవాహక ప్రాంతంలో దాదాపు సగం ఆ రాతి నేలే. ఎండకు, వానకు ఆ రాయి శిథిలమై నల్లరేగడి అవుతుంది. వరదల్లో అది కొట్టుకువచ్చి ఇక్కడ వరిచేలకు, కొబ్బరితోటలకు నేల అయింది. బసాల్టులోని కాల్షియం, మెగ్నీషియం, ఇనుము పైరుకు కావలసినవే. ఛత్తీస్‌గఢ్ వరిపొలాల్లో ఇప్పుడు బసాల్టు పొడి కొని తెచ్చి చల్లే ప్రయోగాలు సాగుతున్నాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కూడా అది కొంత పట్టి ఉంచుతుందట. గోదావరి ఆ పనిని వేల ఏళ్లుగా ఊరికే చేసిపెట్టింది.

ఆ రాబడి ఇప్పుడు తగ్గిపోయింది. 1970లలో గోదావరి సగటున ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 1990-98 నాటికి అది 5 కోట్ల 70 లక్షల టన్నులకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో లెక్కగట్టారు. ఎగువ జలాశయాల్లో ఒండ్రు నిలిచిపోవడమే కారణమన్నారు. కొత్త మట్టి రాక డెల్టా తీరం సముద్రానికి కోసుకుపోతున్నది. నది మట్టిగా తెచ్చిపెట్టిన రాయినే ఇప్పుడు గట్లు నిలపడానికి రూపాయలు పోసి లారీల్లో తెచ్చుకోవలసి వస్తున్నది.

డబ్బు పెట్టి తెచ్చేటప్పుడు చూసి దింపించుకోవాలి. రైలు పట్టాల కిందికి, రోడ్లకు, శ్లాబుకు బసాల్టు పనికివస్తుంది గాని, అన్ని పొరలూ ఒకటి కావు. లావాలో గాలిబుడగలున్న చోట రాయి తొర్రలు పడుతుంది. ఆ తొర్రల్లో తెల్లటి స్ఫటికాలు పేరుకుంటాయి. అలాంటి మచ్చలరాయి, గోధుమరంగు పెంకు కట్టిన రాయి నీరు పీలుస్తాయి. రోడ్డు రాయి పీల్చే నీరు దాని బరువులో నూటికి రెండు వంతులు మించరాదని నిబంధన. మంచి రాయిని సుత్తితో కొడితే కంగుమంటుంది, విరిగిన ముఖం అంతా ఒకే నలుపుగా ఉంటుంది. శ్లాబుకు 20 మిల్లీమీటర్ల కంకరలో రేకుల్లాంటి పల్చటి ముక్కలు ఎక్కువైతే సిమెంటు ఎక్కువ తింటుంది, బలం తగ్గుతుంది. రాతిపొడి పట్టి ఉంటే కడిగించి వాడాలి, లేకుంటే సిమెంటు అంటుకోదు. లారీ తొట్టె ఎత్తేముందే పైనుంచి ఒకటి, అడుగునుంచి ఒకటి రాయి తీసి పగలగొట్టి చూడవచ్చు.