చిల్కూరు దారిలో ఒక పెళ్ళి

చిల్కూరు బాలాజీ గుళ్ళో 11 ప్రదక్షిణలు చేస్తూ మా అమ్మ కోరుకున్నది ఒక్కటే, నాకు మంచి సంబంధం. ఆ గుడికి వెళ్ళే వికారాబాద్ రోడ్డు మీదే ఒక రిసార్టులో 2021 డిసెంబరులో సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ఉంగరాలు మార్చుకున్నారు. పసుపు, మెహందీ, సంగీత్ అన్నీ జరిగాయి. పేపర్లో ఫొటో చూసి అమ్మ అడిగింది: "ఇద్దరూ మగపిల్లలేనా? చట్టం ఒప్పుకుంటుందా?"

ఒప్పుకోదమ్మా. ఇష్టపడి కలిసుండటం నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది, అంతే. పెళ్ళి నమోదు కోసం 2022లో ఈ జంటే కోర్టుకెక్కింది. పెళ్ళంటే ఆడామగల మధ్యే, మార్చాలంటే పార్లమెంటే మార్చాలని కేంద్రం వాదించింది. 2023 అక్టోబరు 17న ఐదుగురు న్యాయమూర్తులూ పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు. ఆ బంధానికి వేరే రూపంలోనైనా గుర్తింపు ఉండాలని ఇద్దరన్నారు, ముగ్గురు ఒప్పుకోలేదు. ఆ ముగ్గురిలో మన తెలంగాణ హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన హిమా కోహ్లీ ఒకరు.

"శాస్త్రం ఒప్పదురా" అంటాడు బాబాయి. ఆయన నమ్మకం ఆయనది, కాదనను. కానీ కుటుంబ పింఛను, వారసత్వం ఇచ్చేది శాస్త్రం కాదు, చట్టం. అవి వీళ్ళకూ దక్కాలి. ఇప్పుడు బంతి పార్లమెంటు చేతిలో ఉంది. చిల్కూరు ఉన్న చేవెళ్ళ నియోజకవర్గం ఓటర్లారా, మీ ఎంపీని ఈ మాట అడగండి.