బంతిని బట్టి చెయ్యి మారాలి

తాండూరు నుంచి మోచేయి నొప్పితో వచ్చేవాళ్లలో నాపరాళ్ల పనివాళ్లను చూస్తుంటాను. ‘టెన్నిస్ ఎల్బో’ అంటే నవ్వుతారు, ‘ఆ ఆట మేమెక్కడ ఆడాం సార్’ అని. నిజమే, ఈ నొప్పి ఎక్కువగా రాకెట్ పట్టనివాళ్లకే వస్తుంది. అది మోచేతి బయటివైపు నొప్పి. ఆటలో దానికి ప్రధాన కారణం బ్యాక్‌హ్యాండ్.

వికారాబాద్‌లో టెన్నిస్ నేర్చుకుంటున్న ఓ పిల్లాడికి మాత్రం లోపలివైపు నొప్పి. ఫోర్‌హ్యాండ్ ఎలా కొడతావో చూపించమన్నాను. నడుము కదలదు, మణికట్టు విదిలింపే. ఏ బంతికైనా అదే ఊపు!

వేగంగా వచ్చే బంతికి రాకెట్‌ను ఎక్కువ వెనక్కి లాగొద్దు. ఆ వేగమే బంతిని తిప్పి పంపుతుంది. కిందికొచ్చిన బంతికి మోకాళ్లు వంచాలి, మణికట్టు కాదు. భుజం ఎత్తుకు లేస్తే మోచేయీ కాస్త పైకి లేవాలి. ఒంటి మీదికొస్తే అడుగు పక్కకు వేసి చేతికి చోటివ్వాలి. ఏదైనా బంతి శరీరానికి ముందే రాకెట్‌కు తగలాలి. ఆలస్యమైతే కాళ్లు, నడుము ఇవ్వాల్సిన బలం మోచెయ్యే ఇవ్వాల్సి వస్తుంది.

ఫోర్‌హ్యాండ్‌కే పేరుపడ్డ సానియా మీర్జాకూ 2008లో మణికట్టుకు శస్త్రచికిత్స తప్పలేదు.

నొప్పి మొదలైతే ఆట ఆపి, ఐసుముక్కలను గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి. ‘ఒక సూది వేయండి డాక్టర్’ అని పెద్దవాళ్లు అడుగుతుంటారు. టెన్నిస్ ఎల్బోకు స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయినిచ్చినా నొప్పి తిరగబెట్టడం మామూలే. ఎదిగే పిల్లల్లో లోపలివైపు నొప్పిని మాత్రం అసలు ఉపేక్షించొద్దు. అక్కడి ఎముక ఇంకా గట్టిపడి ఉండదు. రెండు వారాల విశ్రాంతికీ తగ్గకపోతే ఎక్స్‌రే తీయించండి.