ముట్లుడిగాక ఒక్క చుక్కయినా

పలాస జీడి షెడ్డులో పప్పు ఒలిచే ఆడమనిషి, బహిష్టు ఆగి ఏళ్లయ్యాక చీర మీద మరక కనిపిస్తే ఏం చేస్తుంది? వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి ఊరుకుంటుంది. ఊరుకోకూడదు. అలా నెత్తురు కనిపించిన పదిమందిలో తొమ్మిదిమందికి కారణం వేరే ఉంటుంది. మిగిలిన ఆ ఒక్కరికి మాత్రం అది గర్భసంచి క్యాన్సర్ తొలి కబురు.

ఒళ్లు బాగా ఉన్నవారికి ముప్పు మరీ ఎక్కువ. అండాశయాలు పని మానేసినా ఒంట్లోని కొవ్వు ఈస్ట్రోజన్‌ను తయారుచేస్తూనే ఉంటుంది. దాన్ని అదుపు చేసే ప్రొజెస్టెరాన్ ఉండదు. దాంతో గర్భసంచి లోపొర మందమెక్కుతుంది, కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. పొట్ట మీద స్కానింగ్‌లో లావు మనిషికి లోపొర సరిగా కనబడదు. యోని ద్వారా స్కాన్ చేయాలి. ఆ పొర 4 మిల్లీమీటర్లు దాటితే సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చాలామందికి మత్తు కూడా అక్కర్లేదు.

తొలిదశలో అసలు వైద్యం గర్భసంచి, అండాశయాలు తీసేయడమే. నాకు బాధ కలిగేది ఇక్కడే. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలోకెల్లా ఎక్కువున్న రాష్ట్రం మన ఆంధ్రప్రదేశేనని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అవసరం లేకున్నా తీసేసేచోటే, నిజంగా తీయాల్సిన మనిషిని మాత్రం 'ఇంత బరువుకు ఆపరేషన్ కష్టం' అని ఇంటికి పంపేస్తే ఎలా?

కష్టం నిజమే. పెద్ద కోత పెడితే కుట్లు చీముపట్టొచ్చు, కాళ్లలో రక్తం గడ్డకట్టొచ్చు. లాప్రోస్కోపీకి తల కిందికి వంచి పడుకోబెడితే పొట్ట బరువంతా ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకే అనుభవమున్న మత్తు డాక్టరు కావాలి. అయినా సరే లాప్రోస్కోపీయే మేలు. ఆస్ట్రేలియా ఆధ్వర్యంలో 760 మందిపై జరిగి 2017లో వెలువడిన అధ్యయనంలో నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు పెద్ద కోతలో 81.3 శాతం, లాప్రోస్కోపీలో 81.6 శాతం.

ఆపరేషన్ అసలే కుదరనివారికి రేడియేషన్ ఉంది. గర్భసంచిలో హార్మోన్ లూప్ పెట్టడం మరో దారి. 2021లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో లూప్ పెట్టిన ఆరు నెలలకు తొలిదశ క్యాన్సర్ 43 శాతం మందిలో మాయమైంది. అంటే సగానికి పైగా మందిలో పోలేదు. లూప్ పెట్టి వదిలేయకుండా కొన్ని నెలలకోసారి ముక్క పరీక్ష చేయించుకోవాలి.

పలాస చుట్టూ ఉన్న ఉద్దానానికి ఇంకో చిక్కుంది. కవిటి, వజ్రపుకొత్తూరు, మందస పల్లెల్లో కిడ్నీ జబ్బు సంగతి తెలియని ఇల్లు లేదు. కిడ్నీలు బాగా దెబ్బతింటే షుగరుకు వాడే మెట్‌ఫార్మిన్ ఇవ్వకూడదు, నొప్పిబిళ్లలు మానాలి, రక్తం గడ్డకట్టకుండా వేసే సూది మోతాదు తగ్గించాలి. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది. క్యాన్సర్ వైద్యానికి మాత్రం దాదాపు 200 కిలోమీటర్లు రైలెక్కి విశాఖ వెళ్లాలి. అగనంపూడిలో టాటా మెమోరియల్ వారి హోమీ భాభా ఆసుపత్రి ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద క్యాన్సర్ చికిత్సకు కార్డు చెల్లుతుంది. వెళ్లేటప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే పాత క్రియాటినిన్ రిపోర్టులన్నీ సంచిలో పెట్టుకోండి. మత్తు డాక్టరు ముందుగా అడిగే కాగితాల్లో అవీ ఉంటాయి.